రాహుకాలంలో సరుకు ఓడ

అంతరిక్షంలో ఓడ పోగొట్టుకోవడానికి పెద్ద తెలివితక్కువతనం అక్కర్లేదు, మామూలుది సరిపోతుంది. మా కంపెనీ వాళ్ళ దగ్గర పెద్దదే ఉంది. అందుకే ఇంచుమించు వారానికొకటి పోగొట్టుకున్నారు.

కంపెనీ అంటే నిజం కంపెనీ కాదు, కంప్యూటర్లో ఆడే ఆట. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో ఒకేసారి వేలమంది ఆడతారు. రాతి గ్రహాల మీద ఖనిజం తవ్వుకోవాలి, దాన్ని సరుకు ఓడలో నింపుకోవాలి, ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి గేటు దాటించి అమ్ముకోవాలి. గేటు అవతల దొంగలు కాచుకుని ఉంటారు. ఓడ పేలిపోయిందంటే పోయినట్టే, మళ్ళీ రాదు. నెలల తరబడి చేసిన చాకిరీ అర నిమిషంలో ధూళైపోతుంది. ఆ భయం లేకపోతే ఈ ఆటలో ఏమీ లేదు.

మా కంపెనీ పేరు డెల్టా లైన్స్. మొత్తం ఏడుగురం. ఛైర్మన్ గుడివాడ భుజంగరావు గారు. వరి పొలాలు, చేపల చెరువులు, ఒక రైసు మిల్లు, అరవై రెండేళ్ళు. మోకాలి ఆపరేషనయి మంచం మీద ఉన్న రోజుల్లో ఈ ఆట పట్టుకున్నారు, మోకాలు బాగయింది గానీ ఆట వదల్లేదు. ఆయనకి మంత్రి మా బాబాయి సూర్యప్రకాశరావు, బందరులో రిటైరైన హెడ్మాస్టరు. నేను సుహాసినిని. బందరులోనే ఒక ప్రైవేటు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. ఏడుగురిలో బుర్ర ఉన్నది నా ఒక్కదానికే అని నా నమ్మకం. ఆ సంగతి నేనెప్పుడూ ఎవరి దగ్గరా దాచలేదు.

అందరికీ తీరిక దొరికేది ఆదివారం సాయంత్రమే కాబట్టి ఆ వేళకే ఓడలు కదులుతాయి. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు దాకా. అయిదింటికల్లా ఓడలన్నీ సరుకుతో సిద్ధంగా ఉంటాయి. ఒక్కటి కదిలితే ఒట్టు. గంటసేపు హెడ్‌ఫోన్లలో ఒకరి దగ్గు ఒకరు వింటూ కూర్చోవాలి. సరిగ్గా ఆరు కొట్టగానే భుజంగరావు గారు కంప్యూటరు ముందు కొబ్బరికాయ కొడతారు. ఆ చప్పుడు ఆరుగురి చెవుల్లోనూ ఠాప్పుమంటుంది. ఒకసారి కొబ్బరినీళ్ళు కీబోర్డులోకి పోయి ఓడ గేటుకి అడ్డంగా నిలబడిపోయింది. దొంగలు వచ్చి దాని చుట్టూ రెండు సార్లు తిరిగారట, ఇదేదో ఉచ్చు అనుకుని వదిలేసి పోయారు. ఆయన ఓడ దక్కింది ఆ ఒక్కసారే.

పైగా ఆ ఓడకి బంగారు రంగు. ఆటలో రంగులు అమ్ముతారు, ఈయన నిజం డబ్బు పోసి కొన్నారు. రెండు నక్షత్రాల అవతల నుంచి కూడా తళతళలాడుతూ కనిపిస్తుంది.

"చిలకలపూడి నుంచి తెప్పించారా అండీ రంగు? అచ్చం రోల్డుగోల్డులా ఉంది" అన్నాను.

"లక్ష్మీకళ ఉండాలమ్మా సరుకు ఓడకి" అన్నారు ఆయన. ఆ మనిషికి వెటకారం తగలదు. చేపల చెరువుల మీద వాన పడ్డట్టు పడి పోతుంది.

ఓడ దక్కించుకోవడానికి బ్రహ్మవిద్యేమీ అక్కర్లేదు. ఉన్న సరుకంతా ఒకే ఓడలో కుక్కకూడదు. ఒక చిన్న ఖాళీ ఓడని ముందుగా గేటు అవతలికి పంపి, ఎవరైనా కాచుకుని ఉన్నారేమో చూసి రమ్మనాలి. ప్రతిసారీ ఒకే వేళకి బయలుదేరకూడదు. ఈ మూడు ముక్కలూ ఆరు నెలలు చెప్పాను. తరగతిలో చివరి బెంచీ పిల్లలు నయం, వినకపోయినా తలైనా ఊపుతారు.

"ముందు ఖాళీ ఓడ వెళ్ళి, తిరిగి మనకి ఎదురొస్తుందా?" అన్నారు భుజంగరావు గారు.

"అవునండీ. దారి బాగుందని చెప్తుంది."

"ప్రయాణానికి బయల్దేరుతుంటే ఖాళీ బిందె ఎదురొచ్చినట్టు ఖాళీ ఓడ ఎదురు రావడమేంటమ్మా! ఆ కర్మ మనకెందుకు?"

మా బాబాయి కూడా తల ఊపాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకి సామాన్యశాస్త్రం చెప్పిన తల అది.

చివరికి నాకు ఒళ్ళు మండి, అంతవరకూ మా కంపెనీ పోగొట్టుకున్న ఓడలన్నిటినీ ఒక కాయితం మీద రాశాను. ఏ ఓడ, ఏ గేటు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి. ఇరవై ఆరు ఓడలు. అందులో ఇరవై రెండు ఆరింటికీ ఆరూ పదికీ మధ్య పోయాయి. దీనికి స్టాటిస్టిక్స్ కూడా అవసరం లేదు, వేళ్ళుంటే చాలు. దొంగ ఎవడో మన క్యాలెండరు చూస్తున్నాడు. రాహుకాలం అయిపోయే వేళకి వచ్చి గేటు దగ్గర కూర్చుంటున్నాడు. వీళ్ళు వరసగా వెళ్ళి వాడి ఒళ్ళో పడుతున్నారు.

ఆ కాయితం బాబాయి ఇంట్లో అందరి ముందూ పెట్టాను. భుజంగరావు గారు గుడివాడ నుంచి కారులో వచ్చారు. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. అర్థమైందనుకుని నా ప్రాణం లేచి వచ్చింది.

"అంటే ఆరు దాటాక కూడా దోషం కాస్త మిగిలే ఉంటోందన్నమాట" అన్నాడు బాబాయి. "సూర్యాస్తమయాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది మరి. ఇంకో పావుగంట ఆగి బయల్దేరదాం."

"భేష్. అందుకే మాస్టారుండాలనేది" అన్నారు భుజంగరావు గారు.

తర్వాతి ఆదివారం ఆరుంబావుకి బయలుదేరి రెండు ఓడలు పోగొట్టుకున్నారు. దొంగ కూడా పావుగంట ఆగాడు.

ఇక ఆ మందతో నాకు పొత్తు కుదరదనుకున్నాను. మీ రాహుకాలం ఎంతో నేనూ చూస్తానని వాళ్ళకి ముఖం మీదే చెప్పి, ఆ వచ్చే ఆదివారం నాలుగున్నరకి, రాహుకాలం మొదలైన నిమిషానికి, నా చిన్న ఓడలో సరుకేసుకుని బయలుదేరాను. గేటు దగ్గర పురుగు లేదు. హాయిగా వెళ్ళి అమ్ముకుని వచ్చాను. అయిదు కాకముందే, వాళ్ళింకా ఆరుంబావు కోసం కాచుకుని కూర్చునుంటే, వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాను: "రాహుకాలంలో బయలుదేరి క్షేమంగా చేరినది." మర్నాడు క్లాసులో పాఠం చెప్తున్నా పెదవుల మీద నవ్వు ఆగలేదు.

ఎనిమిది ఆదివారాలు అలాగే వెళ్ళాను. ఎనిమిది ఫొటోలు పెట్టాను. ఎనిమిదోసారి ఫొటో కింద "ఇంకా ఎవరికైనా సందేహమా?" అని కూడా రాశాను. ఎవరూ పలకలేదు. బాబాయి మాత్రం ఫోన్ చేసి, "అంత పంతం పనికిరాదే సుహా" అన్నాడు. ఓడిపోయిన వాళ్ళ మాట అలాగే ఉంటుందనుకున్నాను.

ఈ లోపల నా పెద్ద ఓడ పూర్తయింది. దాని సంగతి చెప్పాలి. పద్నాలుగు నెలలు పట్టింది నాకు. కాలేజీ నుంచి వచ్చి, వంట చేసుకుని, రోజుకో గంట రాళ్ళు తవ్వి, ఒక్కొక్క రేకూ సంపాదించి కట్టాను. మా కంపెనీలో అంత పెద్ద ఓడ ఎవరికీ లేదు. దానికి మా అమ్మ పేరు పెట్టాను, త్రిపురసుందరి. మా అమ్మ పాలకాయతిప్ప దాకా వెళ్ళి సముద్రంలో కాళ్ళు తడుపుకుని రావాలని ఎప్పుడూ అంటూ ఉండేది, బందరు దాటకుండానే పోయింది. ఆ ఓడంటే నాకు ప్రాణం. ఆట ఓడ మీద నలభై రెండేళ్ళ మనిషికి ప్రాణమేమిటని నవ్వేవాళ్ళు నవ్వనీ. దాని కడుపు నిండా తొమ్మిది వారాల ఖనిజం నింపాను. అది అవతలికి చేరితే ఇక డెల్టా లైన్స్ మొహం చూడక్కర్లేదు, నాకు నేనే ఒక కంపెనీ. చేరకపోతే నాకు మిగిలేది ఏమీ లేదు.

తొమ్మిదో ఆదివారం. గోడ గడియారం, ఫోను, కంప్యూటరు, మూడూ చూసుకున్నాను. నాలుగున్నర. బయలుదేరాను.

ముందు చిన్న ఓడని పంపలేదు. ఆరు నెలలు గొంతు చించుకుని ఊరందరికీ చెప్పిన దాన్ని, పంపలేదు. సరుకు రెండు ఓడల్లో వెయ్యలేదు. రాహుకాలంలో ఎవరుంటారులే అనుకున్నాను. భుజంగరావు గారు కొబ్బరికాయని నమ్ముకున్నట్టు నేను రాహుకాలాన్ని నమ్ముకున్నానని అప్పుడు నాకు తట్టలేదు.

గేటు దాటగానే మూడు ఓడలు. నా ఓడ మలుపు తిరగడానికే ఇరవై సెకన్లు పడుతుంది, అంత పెద్దది. నలభై సెకన్లలో త్రిపురసుందరి ఎర్రగా వెలిగి, రెండు ముక్కలై, ఏమీ లేకుండా పోయింది. నేను ఖాళీ తెర ముందు కూర్చుని ఏడ్చాను. బయట వీధిలో ఎవరిదో ఆటో ఆగి, దిగిన వాళ్ళు చిల్లర కోసం పోట్లాడుకుంటున్నారు. వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది.

అప్పుడు తెర మీద దొంగల్లో ఒకడి నుంచి తెలుగులో మెసేజి వచ్చింది.

"నమస్తే అండీ. ఓడ చాలా బాగా కట్టారు. పాపం అనిపించింది."

ఎవర్రా నువ్వు అని రాశాను. తన పేరు మార్కు అని, ఊరు నాగాయలంక దగ్గర అని, దివిసీమ నుంచి ఆడుతున్నానని చెప్పాడు. సిగ్గు లేకుండా బోల్డంత మర్యాదగా ఉన్నాడు. మా వాళ్ళు ఇప్పటిదాకా పోగొట్టుకున్న ఓడల్లో ముప్పావు వంతు వాడి ఖాతాలోవేనట.

"మా వాళ్ళు ఆరింటికి వస్తారని నీకు తెలుసు సరే. నేను నాలుగున్నరకి వస్తానని ఎట్లా తెలిసింది?" అని రాశాను.

వాడు చాలాసేపు టైపు చేశాడు.

"మా నాన్న ఎదురుమొండి రేవులో పడవ వేసేవాడండీ. మాకు రాహుకాలం పట్టింపు లేదు గానీ ఎక్కేవాళ్ళకి ఉండేది. ఆ గంటన్నరా రేవులో ఎవరూ ఉండరు, అప్పుడు అన్నం తినేవాడు. అది అయిపోగానే అందరూ ఒక్కసారి వచ్చి పడతారు. మీవాళ్ళని చూస్తే నాకు ఆ రేవే గుర్తొచ్చింది. అయితే ఒక మాస్టారుండేవాడండీ. ఇవన్నీ నమ్మననేవాడు. నమ్మనని అందరికీ చూపించడానికి సరిగ్గా రాహుకాలం మొదలవగానే వచ్చి పడవెక్కేవాడు. ఒక్క నిమిషం ముందూ రాడు, వెనకా రాడు. ఆయన కోసం మా నాన్న అన్నం మధ్యలో లేవాల్సొచ్చేది. మిమ్మల్ని మొదటి రెండు ఆదివారాలు దూరం నుంచి చూడగానే ఆ మాస్టారే అనుకున్నాను. చిన్న ఓడలు కదాని వదిలేశాను. మీరు పెద్దది కడుతుండడం కనిపించి, దాని కోసం ఆగాను."

ఆ వెంటనే ఇంకొకటి రాశాడు. "ముందు ఒక ఖాళీ ఓడని పంపి ఉంటే మేం కనిపించేవాళ్ళమండీ. మీరు వెనక్కి తిరిగిపోయేవారు."

నేను తెర ఆపేశాను.

అయిదింటికి భుజంగరావు గారు ఫోన్ చేశారు. ఫొటో ఇంకా రాలేదేమిటని. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే కనుక్కుంటున్నారు. పక్కన హెడ్‌ఫోన్లలో మిగతా అయిదుగురూ వింటున్నారని నాకు తెలుసు. నెట్ పోయిందని చెప్పచ్చు. కరెంటు లేదని చెప్పచ్చు. బందరులో ఆ రెండూ ఎవరైనా నమ్ముతారు. కానీ మార్కు ఇంకా ఆ గేటు దగ్గరే ఉన్నాడు, ఇంకో గంటంబావులో వీళ్ళు వెళ్తారు. వీళ్ళు ఎంత గొర్రెల మందైనా, నా చాకిరీ లాంటి చాకిరీ వాళ్ళ ఓడల్లోనూ ఉంది.

"ఓడ పోయిందండీ" అన్నాను. "నాలుగున్నరకి బయల్దేరాను. నాలుగూ ముప్పై రెండుకి పోయింది."

అవతల బాబాయి "అయ్యో" అనడం వినిపించింది. "చెప్పానా" అని ఎవరూ అనలేదు. అని ఉంటే బాగుండేది, తిట్టడానికి నాకో మనిషి దొరికేవాడు.

మార్కు చెప్పిందంతా చెప్పాను. పడవ, రేవు, మాస్టారు, అన్నం మధ్యలో లేవడం, ఏదీ దాచకుండా. "మీరు ఆరుంబావుకి వెళ్ళకండి. వాడు అక్కడే ఉన్నాడు. ఇవాళ మానెయ్యండి" అన్నాను. నేను ఒకరిని బతిమాలడం నా చెవులకే కొత్తగా ఉంది.

"మానేస్తాంలేమ్మా. నీ ఓడ పోయాక మాకు మాత్రం కదలబుద్ధేస్తుందా?" అన్నారు భుజంగరావు గారు. ఇక ఫోను పెట్టేస్తారనుకున్నాను.

"ఒక్క సంగతి అర్థం కాలేదమ్మా" అన్నారు. "నేనంటే నమ్ముతాను కాబట్టి, ఆ టైము ఎప్పుడు అయిపోతుందా అని గడియారం కేసి చూస్తూ కూర్చుంటాను. నువ్వు నమ్మవు కదా. నువ్వెందుకు చూశావు?"

నేను ఫోను చెవికి ఆనించుకునే లేచి, గోడ గడియారం దించి బోర్లా పెట్టాను.