కర్టెన్లావిడ ఇంట్లో మొలిచిన గదులు

పొద్దున్నే కర్టెన్లావిడ చీపురు పట్టుకుందంటే మళ్లీ వంట వేళకి గానీ కింద పెట్టేది కాదు. వాళ్లు అద్దెకు దిగినప్పుడు ఆ ఇంట్లో ఉన్నవి హాలు, పడగ్గది, వంటిల్లు, అంతే. ఇప్పుడు ఎటు తిరిగినా గదులే. కొన్ని మడతమంచం పట్టేంత, కొన్ని ఉత్త కుర్చీ పట్టేంత. ఎక్కణ్ణుంచి వస్తుందో గానీ, దుమ్ము మాత్రం పెద్ద మేడకు సరిపడా వచ్చేది.

చేతిలో గేమ్ మిషన్ పెట్టుకుని ఎవరైనా ఒక్కళ్లే ఒళ్లు మరిచి కూర్చుంటే వాళ్ల చుట్టూ గది మొలుస్తుంది. ముందు గోడలు, తర్వాత తలుపు, ఆట మరీ రంజుగా ఉంటే కిటికీ కూడా. ఆ వీధిలో అన్ని ఇళ్లకీ ఉన్న తలనొప్పే అది. దోమల సంగతి అడిగినట్టు, “మీకు కొత్తగా ఏమైనా మొలిచాయా?” అని మెట్ల మీద ఎదురైనవాళ్లు అడిగి పోతుంటారు.

ఆమె ఇంట్లో ఆడేది ముగ్గురు. లిఫ్టులు బాగుచేసే భర్త, కాలేజీకి వెళ్లే కూతురు, వాళ్లిద్దరినీ తలదన్నే అత్తగారు. అరచేతిలో ఇమిడే చవక మిషన్లు కదా అని తలా ఒకటి కొనుక్కున్నారు. ఊడ్చే చేతులు మాత్రం ఒక్క జతే.

ఓ రోజు అత్తగారికి గది హాల్లోనే మొలిచింది, సరిగ్గా కుట్టుమిషను పక్కన, కర్టెన్లావిడ గుడ్డ పరిచి కత్తిరించుకునే చోట. అదే సమయానికి కర్టెన్ల షాపాయన వచ్చి కూర్చున్నాడు.

“లాడ్జివాళ్లు శనివారం అన్నారంటే శనివారమేనమ్మా. అప్పటికి కర్టెన్లు రాకపోతే పని ఇంకొకరికిస్తా. ఆ తర్వాత నన్ను అడగొద్దు.”

“గుడ్డ పరుచుకోడానికి చోటేదండీ? చూడండి, మా అత్తగారికి ఇక్కడే మొలిచింది.”

“మా బావమరిదికీ మొలిచింది. అలాగని నేను షాపు మూసుకున్నానా?”

ఆయన వెళ్లాక ఆమె అత్తగారి తలుపు దబదబా బాదింది. “అత్తయ్యా, బయటికొస్తారా, గోడ పగలగొట్టనా?”

“అరవకే అమ్మాయ్, ఇక్కడ నా ప్రాణం పోయేలా ఉంది!”

“పోతే ఇంకోటి ఇస్తాడుగా మీ మిషనువాడు! నాకెవరిస్తారు?”

సాయంత్రం భర్తను లాక్కుని గేమ్ మిషన్ల దుకాణానికి వెళ్లింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి అడిగింది, “ఆడేది ఎవరండీ?”

“నేను తప్ప అందరూ.”

“బస్సుల్లో తిరిగేవాళ్లకీ, ఒక్కళ్లే ఉండేవాళ్లకీ ఈ చేతివి చాలు, చవక కూడా. ఇంటిల్లిపాదీ ఆడతారంటే హైబ్రిడ్ తీసుకోండి. స్టాండులో పెడితే టీవీలో వస్తుంది, తీస్తే చేత్తో పట్టుకుపోవచ్చు.”

ధర వినగానే భర్తకు దగ్గొచ్చింది. “ఈ డబ్బుకి చిన్నవి మూడు కొత్తవి వస్తాయే!”

“వాటితో పాటు మూడు గదులూ వస్తాయి. మీరు ఊడుస్తారా?”

దగ్గు ఆగిపోయింది. పాతవి ఇచ్చేసి, మిగతాది వాయిదాల మీద తీసుకున్నారు. వాయిదాలు కర్టెన్ల డబ్బులోంచి కడతానని ఆమే ఒప్పుకుంది. అందరూ ఒక్కచోట కూర్చుంటే గదులు మొలవవు, గదులు లేకపోతే కుట్టుకోడానికి టైము దొరుకుతుంది. అదీ ఆమె లెక్క.

గదులైతే నిజంగానే పోయాయి. తోటకూర కాడల్లా వాడి, సున్నం రాల్చి కూలిపోయాయి. ఆ సున్నమూ ఆమే ఎత్తింది. కానీ హాలు సంతయిపోయింది. “అమ్మా, నీ మిషను టీవీకి అడ్డం,” అని కూతురు ఓ మూర జరిపింది. “నా కాళ్లు చాపుకోవద్దూ,” అని అత్తగారు ఇంకో మూర జరిపించింది. జరిగి జరిగి కుట్టుమిషను స్నానాలగది ముందు నడవాలో తేలింది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ “కాస్త జరుగు” అంటారు. కూతురు గేమ్ మిషన్ను స్టాండులోంచి పీక్కుని కాలేజీకి పట్టుకుపోయిందా, మిగతా ఇద్దరూ తోచక ఆమె చుట్టూ చేరతారు. టీ ఏదంటారు, కళ్లజోడు ఏదంటారు. వాళ్లు ఆడుతుంటేనే నయమనిపించింది ఆమెకు.

శుక్రవారం వచ్చింది. లాడ్జి గుడ్డ సగం కత్తిరించకుండానే ఉంది. “ఏమేవ్, అన్నం పెడతావా?” అన్నాడు భర్త, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

ఆమె కత్తెర కింద పెట్టింది. “వంటింట్లో గిన్నెలకు కాళ్లు లేవు, మీకున్నాయి. ఈ పూట నన్నెవరూ పిలవొద్దు. పిలిచారో, ఆ స్టాండు తీసుకెళ్లి పాలవాడికిచ్చేస్తా!”

ఆమె అరవడం కొత్త కాదు, చెయ్యననడం మాత్రం వాళ్లు ఎప్పుడూ వినలేదు. పెళ్లయినప్పటినుంచీ అరుస్తూనే అన్నీ చేసిపెట్టింది. భర్త లేచి తనే కంచం తెచ్చుకున్నాడు.

ఆమె తల వంచుకుని కుట్టింది. ఒక అంచు, ఇంకో అంచు. కొంతసేపటికి హాల్లో గోల దూరమైపోయినట్టుంది. మోచేతికి చల్లగా ఏదో తగిలింది. ఆమె చూడలేదు. సూది మీద వెలుతురు బాగా పడుతుంటే మాత్రం తలెత్తింది. చుట్టూ గోడలు లేచాయి, ఎడమ పక్కన కిటికీ ఉంది.

బయట కూతురి గొంతు వినిపించింది. “నాన్నమ్మా, అమ్మకెలా మొలిచింది? అమ్మ ఆడదుగా?”

“ఒళ్లు మరిచి కూర్చుంది కదే,” అంది అత్తగారు. “ఈ ఇంటికొచ్చాక కుదురుగా కూర్చోడం ఇదే మొదలు.”

శనివారం షాపాయన కర్టెన్లు విప్పి చూసి, మారుమాట లేకుండా మడిచాడు. లాడ్జివాళ్లు పక్కన ఇంకో మేడ కడుతున్నారట. “దానికీ మీరే చేస్తారా?” అని అడిగాడు. “మీ ఆయన్ని అడిగి చెప్పండి.”

“చేస్తాను, పంపండి,” అంది ఆమె, వెనక ఉన్న భర్త వైపు తిరగకుండానే.

గుడ్డ తానులు వచ్చాయి. వాటిని తన కొత్త గదిలో సర్దుకుంటుంటే తలుపు మీద దబదబా చప్పుడు. “ఏమేవ్, ఉప్పు డబ్బా ఎక్కడే?” అలవాటు కొద్దీ సగం లేచింది. అప్పుడు చూసింది, ఆ తలుపుకి గడియ లోపలి పక్కనే ఉంది.

ఆమె గడియ వేసి, మళ్లీ మిషను ముందు కూర్చుంది.