మోగే గది

ఎవరి గొంతు విన్నా చిటికెలో అచ్చం అలాగే మాట్లాడేసేది కాబట్టి ఆమెకు చిన్నప్పుడే చిలక అని పేరు పడింది. లెక్కల మాస్టారు, మేడమీది ముసలాయన, జలుబు చేసిన పెద్దమ్మ, ఎవరినీ వదిలేది కాదు. పెద్దయ్యాక ఆ విద్యే కూడు పెట్టింది. సినిమాలకు డబ్బింగ్ చెబుతుంది, పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. పెళ్లిచేసుకోలేదు. అమ్మా తనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు.

అమ్మ చాలాకాలం మంచాన పడి, చివరికి ఆ వెనక గదిలోనే పోయింది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక చిలక మంచం, పరుపు, బీరువా నిండా ఉన్న బట్టలు ఎవరెవరికో ఇచ్చేసి, హాల్లో ఉన్న మైకును ఆ గదిలోకి మార్చుకుంది. మొదటి రోజు పంపిన రికార్డింగ్ వినగానే, ఆ పుస్తకం చదివిస్తున్న డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా, బావిలో కూర్చుని చదువుతున్నారా?"

నిజమే, గది మోగుతోంది. పరుపూ బట్టలూ ఉన్నన్నాళ్లు శబ్దాన్ని మింగేసేవి. ఇప్పుడు ఏ మాట అన్నా నాలుగు గోడలూ తిప్పికొడుతున్నాయి.

అమ్మ పోయినప్పుడు చిలక కంట చుక్క నీరు రాలేదు. గుండె రాయి చేసుకుందని కొందరన్నారు, ఆ గుండె మొదట్నుంచీ రాయేనని ఇంకొందరన్నారు. ఆమెకు ఏ మాటా తగల్లేదు. పన్ను పీకించుకోవడానికి సూది వేయించుకున్న బుగ్గలా ఉంది లోపలంతా. ఉందని తెలుస్తోంది, అంతే.

గది సంగతి చెప్పడానికి తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు ఫర్నిచర్ చేసే షెడ్డులో పనిచేస్తాడు. తన పెళ్లి విషయంలో మాటా మాటా పెరిగి, అమ్మతో ఎడమొహం పెడమొహంగా ఉండేవాడు. అమ్మ పోయే ముందురోజు, ఆమెకు అసలు బాగాలేదని చిలక చెబితే, "రేపు పొద్దున్నే వస్తా" అన్నాడు. పొద్దున వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆదివారం చెక్కలూ రంపమూ వేసుకుని దిగాడు. గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడాడు.

"గుడ్ల అట్టలు అంటించేస్తే పోదా అక్కా? చవగ్గా అయిపోతుంది."

"అవి పై కీచుదనం తగ్గిస్తాయంతే. గొంతులో బరువు వాటికి ఆగదు. దానికి మందంగా రాతి ఉన్ని కావాలి, రాక్‌వూల్ అంటారే, అది. తెప్పించి ఉంచాను."

అద్దం పట్టుకుని గోడ వెంబడి మెల్లగా జరపమంది. తను మైకు ముందు కూర్చుంది. కుర్చీలోంచి చూస్తే అద్దంలో ఎక్కడ మైకు కనపడుతుందో, శబ్దం అక్కడ తగిలి వెనక్కి వస్తుందన్నమాట. శబ్దాన్ని పీల్చే ప్యానెల్ అక్కడే పెట్టాలి. మైకు పక్కన తన మొహమూ కనపడింది. బస్సులో ఎదుటి సీటు మనిషిని చూసినట్టు చూసుకుని, "అక్కడ గీత పెట్టు" అంది.

వాడు చెక్కలు కోసి చట్రాలు బిగించాడు. ఇద్దరూ మూతికి గుడ్డలు కట్టుకుని, చేతులకు తొడుగులేసుకుని ఉన్ని పలకలు అందులో కూర్చారు. అయినా మెడంతా దురదే. పైన వేసే గుడ్డను చిలక నోటికి ఆనించి ఊది చూసింది. ఊపిరి అవతలికి పోతే శబ్దమూ పోతుంది. వాడు గుడ్డను బిగలాగి పట్టుకుంటే ఆమె వెనకాల టకటకా పిన్నులు కొట్టింది. గోడకూ ప్యానెల్‌కూ మధ్య కాస్త ఖాళీ ఉండేలా చెక్కముక్కలు పెట్టి తగిలించారు. పొద్దుటినుంచీ కొలతలు తప్ప వేరే మాట లేదు.

ఆఖరిది తగిలించాక తలుపు వేసి నేలమీద కూలబడ్డారు. గది ఇప్పుడు మోగడం లేదు, అన్న మాట నోటి దగ్గరే ఆగిపోతోంది. ఇద్దరి ఊపిరీ వినపడుతోంది.

"అక్కా, ఒకటి అడుగుతా, తిట్టకు. అమ్మలా ఒక్కసారి పిలవవూ?"

చిలక వాడివైపు చూసింది. పని చెప్పినప్పుడు చేసినట్టే గొంతు సవరించుకుంది.

"ఒరే చిన్నోడా, లోపలికి రారా. ఎండలో ఎంతసేపు నిలబడతావ్?"

అచ్చంగా అమ్మే. వాడు మోకాళ్లలో తలపెట్టుకుని బావురుమన్నాడు. చివరి మాట దగ్గర గొంతు కొంచెం తగ్గాల్సిందని చిలకకు అనిపించింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

కాసేపటికి వాడు ముక్కు తుడుచుకున్నాడు. "ఆఖర్న నన్ను అడిగిందా?"

అవునంటే పోయేది. అమ్మ గొంతుతోనే నాలుగు మంచి మాటలు చెప్పగలదు కూడా. వాడికి జన్మంతా సరిపోయేవి.

"లేదురా. ఎవర్నీ అడగలేదు. నన్నే గుర్తుపట్టలేదు. నర్సు అనుకుంది."

"నిన్నా?"

"కొంచెం నీళ్లిస్తారా అండీ అంది. ఇచ్చాక, మీకు శ్రమ ఇస్తున్నానంది. ఆ వారమంతా నన్ను మీరు మీరు అనే పిలిచింది."

వాడి ఏడుపు ఆగిపోయింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు."

చెప్పేశాక ఏదో ఒకటి జరుగుతుందని ఎదురుచూసింది. ఛాతీలో ఏదైనా కదులుతుందేమోనని. మెడమీద దురద తప్ప ఏమీ తెలియలేదు. తమ్ముడు ఆమె జుట్టులో చిక్కుకున్న ఉన్ని నలకల్ని ఒక్కొక్కటే ఏరసాగాడు. ఆమె వద్దనలేదు.

మర్నాడు రికార్డు చేసి పంపింది. "ఇదీ గొంతంటే! పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది," అన్నాడు డైరెక్టర్. థాంక్సండీ అంది.

మళ్లీ ఆదివారం తమ్ముడు పైకప్పుకు వేయాల్సిన ప్యానెల్‌తో వచ్చాడు. ఈసారి భార్యను కూడా తెచ్చాడు. ఆ పిల్ల ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు. గోడలకేసి బెరుకుగా చూస్తూ, "ఏం చెయ్యమంటావు వదినా?" అంది.

"నిచ్చెన పట్టుకో. వీడు పైకెక్కితే ఊగుతాడు," అంది చిలక.

వదినా మరదళ్లిద్దరూ చెరోవైపూ నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. పైన డ్రిల్లు తిరుగుతుంటే తెల్లటి సున్నం పొడి వాళ్ల భుజాలమీద రాలింది.