కోమలి గుండు

మా తిరుపతిలో గుండు చూసి ఎవరూ కారణం అడగరు. సోమవారం కోమలి గుండుతో ఆఫీసుకొస్తే మేమూ అడగలేదు. పైగా "గోవిందా" అని దండం పెట్టినాము, మా మొహాలు మండ! మాది ట్రావెల్స్ ఆఫీసు. బస్సు లేటయినప్పుడల్లా ఫోన్లో తిట్లు తినడమే మా పని.

"మొక్కు తీరిందా తల్లీ, లడ్డు యాడ?" అని మేనేజరు ఢిల్లీబాబు నవ్వినాడు. కోమలి కూడా నవ్వింది.

మధ్యాన్నం నా పెన్ను జారి ఆమె టేబుల్ కిందికి పోయింది. వంగి చూస్తే, మూలన ఒక కవరు నిండా జుట్టు ఉండాది. కత్తిరించింది కాదు, కుదుళ్లతో సహా పీకింది. కవరు బయటికి లాగి ఆమెకు చూపించినాను.

"ఏం పాపా ఇది?"

"తిట్లు వింటా వింటా నాకు తెలీకుండానే పీక్కుంటా ఉన్నానక్కా. లీవు అడిగితే, మనసు గట్టి చేసుకోమన్నాడు సారు. పీక్కోడానికి ఇంకేమీ ఉండకూడదని గుండు కొట్టించుకున్నా. మొక్కూ లేదు, పాడూ లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "లెయ్, సారు దగ్గరికి పోదాం" అన్నాను. అంతలో ఆమె ఫోను మోగింది. అటుపక్క ఎవరో అరుస్తా ఉండారు.

"సారీ సార్, సారీ సార్" అంటా ఉండాది కోమలి. ఆమె వేళ్లు మెల్లగా కనుబొమ్మ మీదికి పోయి, ఒక వెంట్రుకను పట్టుకున్నాయి.