చార్టులో దిలీప్ పేరు

పెద్దకార్యం భోజనాలయ్యాయి. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుంటున్నారు. సత్యారావు మాత్రం వీధి గుమ్మం దగ్గర నిలబడి, ఎప్పుడో ఆరిపోయిన చేతుల్ని తువ్వాలుతో తుడుచుకుంటూనే ఉన్నాడు. చోడవరం బస్టాండు వెనక మోటారు సైకిళ్ళ స్పేరు పార్టుల కొట్టు అతనిది. పోయిన దిలీప్ అతనికి పదేళ్ళ స్నేహితుడు. దిలీప్ పొలాల్లో బోరు మోటార్లు కాలిపోతే వైండింగ్ చేసేవాడు. పదకొండు రోజుల కిందట బుచ్చయ్యపేటలో ఒక మోటారు బాగుచేసి తిరిగొస్తూ, బండి పక్కకి ఆపి, స్టాండు కూడా వేసి, రోడ్డు పక్కన కూర్చున్నాడు. మరి లేవలేదు. గుండె అన్నారు. ముప్ఫై తొమ్మిదేళ్ళు.

"అమ్మా, ఒక మాట. ఇది అడగవలసిన టైము కాదు" అన్నాడు సత్యారావు, దిలీప్ భార్య రూపాదేవి బయటికి రాగానే. "మన లీగులో దిలీప్ టీం ఉంది. ఎల్లుండి నుంచి మ్యాచులు. పేరు తీసేమంటే తీసేస్తాం."

"ఉంచండి అన్నా."

"మరి ఎవరాడతారమ్మా?"

"నేనే ఆడతాను."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఓవరుకి ఎన్ని బంతులో కూడా ఆమె ఎన్నడూ లెక్కపెట్టలేదు.

ఈ లీగు సంగతి చెప్పుకోవాలి. ఎనిమిదిమంది స్నేహితులు. ఏటా మార్చిలో ఒక ఆదివారం సత్యారావు కొట్లో వేలం వేసుకుంటారు. మనిషికి వంద పాయింట్లు, అన్నీ ఉత్త కాగితం పాయింట్లే. వాటితో ఐపీఎల్ ఆటగాళ్ళని పదిహేనేసి మందిని పాడుకోవాలి. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరులోపు, వచ్చేవారానికి ఆ పదిహేనులో పదకొండు మంది పేర్లు, కెప్టెను పేరు ఫోన్ గ్రూపులో పెట్టాలి. మైదానంలో వాళ్ళు కొట్టే పరుగులు, తీసే వికెట్లే వీళ్ళ పాయింట్లు, కెప్టెనువి రెండింతలు. సత్యారావు కూడికలు వేసి కొట్టు గోడమీది చార్టులో రాస్తాడు. గెలిచినవాడికి అరకిలో మాడుగుల హల్వా. ఓడినవాడికి సీజనంతా తిట్లు. లీగు నడిచేది ఆ తిట్ల కోసమే. గట్టి నియమం ఒక్కటే. ఆరు దాటినా లిస్టు రాకపోతే చార్టులో ఆ పేరు మీద గీత కొట్టేస్తారు.

రూపాదేవికి పట్టింది ఆ గీత ఒక్కటే. రేషన్ కార్డులో పేరు తీసేస్తారు, ఓటరు లిస్టులో తీసేస్తారు, దానికి ఆమె చెయ్యగలిగింది లేదు. ఇక్కడ మాత్రం ఆదివారం ఆరులోపు పదకొండు పేర్లు పంపితే చాలు, మనిషి ఉంటాడు.

ఆమె ఇంతవరకూ ఏడవలేదు. అత్త అసిరమ్మ ఇద్దరికీ సరిపడా ఏడ్చింది. వచ్చినవాళ్ళంతా "ఏడవ్వే తల్లీ, లోపల పెట్టుకోకు" అని బతిమాలారు. ఏడుపేమన్నా సంచిలో దాచుకుందా తీసి చూపించడానికి? రాలేదు, అంతే. స్టవ్వు మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడేది. వేడి గిన్నె వట్టి చేత్తో దించింది, చెయ్యి కాలిందని తెల్లారి బొబ్బని చూశాక తెలిసింది. మొగుడు పోతే కన్నీటి చుక్క రాని ఆడదాన్ని, నేనేం మనిషినని అప్పుడప్పుడూ అనుకునేది. ఆ అనుకోవడం కూడా పక్కింటివాళ్ళ సంగతిలాగే ఉండేది.

మొదటివారం దిలీప్ రాసుకున్న లిస్టునే, వైండింగ్ వైరు డబ్బా అట్టమీద ఉన్నది ఉన్నట్టు, దించి పంపింది. అందులో ఒక ఎడంచేతి ఓపెనరుని దిలీప్ ముప్ఫై ఒక్క పాయింట్లు పోసి కొన్నాడు. ఆ మహానుభావుడు మొదటి మూడు ఆటల్లో సున్నా, నాలుగు, రెండు కొట్టాడు.

రెండోవారం ఉమామహేష్ వచ్చాడు. చెరుకు కాటా దగ్గర పనిచేస్తాడు, లీగులో అందరికన్నా చిన్నవాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వొదినా, మీ ఓపెనర్ని నాకిచ్చేయండి. నా ఫాస్ట్ బౌలర్ని మీరు తీసుకోండి."

"ఆ బౌలరు బాగా ఆడతన్నాడు కదా ఉమా?"

"నాకు బేటింగు తక్కువైపోనాది వొదినా."

సరే అంది. ఆ బౌలరు వారంలో ఏడు వికెట్లు తీశాడు. ఆదివారం గ్రూపులో చార్టు ఫోటో వచ్చింది. పైన మొదటి వరుసలో దిలీప్. రెండోవాడికీ అతనికీ మధ్య నూట నలభై పాయింట్లు. ఆ రోజు రూపాదేవికి ఆకలేసింది. రెండోసారి అన్నం పెట్టుకుంది. ఆయన కోసం ఒక్క పనైనా చేతనైందనుకుంది. అసిరమ్మ చూసి మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపింది.

మూడోవారం ఆట చూస్తుంటే, ఫలానా స్పిన్నరు వేలు విరిగి పది రోజుల కిందటే ఇంటికి వెళ్ళిపోయాడని టీవీలో చెప్పారు. ఆ పేరు ఆమె ఎక్కడో చూసింది. ఫోన్ తీసింది. ఉమామహేష్ లిస్టులో కెప్టెను అతనే. చెరుకు రైతు పరదేశి లిస్టులో కెప్టెనెవరా అని చూసింది. సీజను మొదలైనప్పటి నుంచీ నీళ్ళసీసాలు మోస్తున్నవాడు. సత్యారావు కెప్టెను అసలు ఈ దేశమే రాలేదు. ఏడుగురు కెప్టెన్లలో ఒక్కడు కూడా ఆ వారం ఒక్క బంతి ఆడలేదు. పదకొండు మందిలో సగం మంది అదే సరుకు.

సంగతి ఇది. ఎవరికి వారే, పక్కవాడికి చెప్పకుండా, దిలీప్ టీంని గెలిపిద్దామని ఓడిపోవడం మొదలుపెట్టారు. తీరా పక్కవాడు తనకన్నా వెనకబడితే, వీడికేమైందిరా అని ఆశ్చర్యపోయి, ఒక్కొక్కడూ ఇంకో మెట్టు దిగాడు. ఏడుగురు పెద్దమనుషులు పోటీపడి వెనక్కి పరిగెత్తారు.

రూపాదేవికి కడుపు మండిపోయింది. నెలరోజుల్లో ఆమెకి తెలిసిన మొదటి మంట అది.

మర్నాడు పొద్దున్న చెప్పులేసుకుంది. మూడో నెల దాటేదాకా గడప దాటకూడదు. అసిరమ్మ అడ్డం నిలబడింది.

"ఎక్కడికే? ఊరోళ్ళు ఏటనుకుంటారు?"

"సత్యారావన్న కొట్టుకి. అనుకోనీ అత్తా."

కొట్లో ఇంకా బోణీ కాలేదు. సత్యారావు, ఉమామహేష్, పరదేశి టీ తాగుతున్నారు. ఆమెని చూసి ముగ్గురూ లేచారు. సత్యారావు గబగబా స్టూలు తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఆయన ఉన్నన్నాళ్ళూ ఇలాగే ఆడేరా మీరు? వేలు విరిగినోడు కెప్టెనేటి ఉమా?"

ఉమామహేష్ తల దించుకున్నాడు. పరదేశి అతని వైపు తిరిగి, "నువ్వూ అదే సేసేవేట్రా? నానొక్కణ్ణే అనుకున్నాను" అన్నాడు. సత్యారావు మొహం చూస్తే అతనూ అదే అనుకున్నాడని తెలుస్తూనే ఉంది.

"పిండం మొన్ననే పెట్టీసేం. మళ్ళీ మీరు పెట్టక్కర్లేదు" అంది రూపాదేవి.

"అంత మాటనకమ్మా. గెలిస్తే నీకు కాస్త బాగుంటాదనీ..."

"బాగుంది అన్నా. నిజంగానే బాగుంది. నేనే గెలిపించేననుకున్నాను. అందుకే ఒళ్ళు మండతంది." బల్లమీది స్కెచ్ పెన్ను తీసి చార్టు దగ్గరికి నడిచింది. "ఆడితే సరిగ్గా ఆడండి. లేదంటే సెప్పండి, ఈ పేరు నేనే కొట్టేసి పోతాను."

సత్యారావు కళ్ళు తువ్వాలుతో ఒత్తుకుని, "ఆడతామమ్మా" అన్నాడు.

"ఉమా, మా ఓపెనర్ని మాకిచ్చీ."

"వొద్దొదినా, ఆడు అస్సలు ఆడతం లేదు."

"ఆయన కొనుక్కున్నాడు. ఇచ్చీ."

ఆ ఆదివారం గ్రూపులో ఏడు లిస్టులు వచ్చాయి, ఒక్కటీ పనికిమాలినది లేదు. రూపాదేవి ఓపెనర్నే కెప్టెను చేసింది. వారమంతా ప్రతి ఆటా చూసింది. అతను మూడు ఆటల్లో కలిపి ఏడు పరుగులు చేశాడు.

మళ్ళీ ఆదివారం సాయంత్రం దీపాలు పెట్టేవేళకి చార్టు ఫోటో వచ్చింది. ఆ వారం పాయింట్లలో అందరికన్నా కింద దిలీప్. చివరికి ఉమామహేష్ తెగించి గ్రూపులో రాశాడు.

"ఒరే దిలీపూ, ముప్పై ఒకటి పోసి కొన్నావు గదా, నీ ఓపెనరు బేట్ పట్టుకుని ఏటి సేస్తన్నాడ్రా, ఈగలు తోల్తన్నాడా?"

వెంటనే పరదేశి. "వేలం నాడే సెప్పేను. మన మాట ఇంటాడేటి? మా బోరు మోటారు కూడా ఇలాగే కట్టేడు."

ఇంక ఆగలేదు. ఎనిమిదో స్థానానికి సన్మానం చేద్దామా అని ఒకడు, శాలువా నాదని ఇంకొకడు. చివర సత్యారావు. "ఏరా దిలీపూ, మాటాడవేట్రా?"

రూపాదేవి నవ్వింది. జవాబు రాద్దామని వేలు పెట్టింది. ఇలాంటి వేళల్లో ఆయన ఏదో ఒకటి రాసేవాడు, రాసి తనే గట్టిగా నవ్వి, ఆమెని పిలిచి చదివి వినిపించేవాడు. ఆమె పప్పు తిరగమోతలో ఉండి వినేది కాదు. ఏం రాసేవాడో ఎంత తలుచుకున్నా ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. ఇంతమంది పిలుస్తున్నారు. పలకవలసినవాడు లేడు. మరి ఎప్పటికీ పలకడు.

ఆమె నోట్లోంచి వచ్చిన కేకకి అసిరమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏటే? ఏటైనాదే తల్లీ?"

"ఓడిపోనాడత్తా" అంటూ రూపాదేవి ఆవిడ చీర రెండు చేతులా పట్టుకుంది. "అందరూ అన్నేసి మాటలంటన్నారు. ఒక్క మాటైనా తిరిగి అనడేటత్తా ఈయన?"

అసిరమ్మకి అది ఏ ఆటో, ఎక్కడ ఓడాడో తెలియదు. కోడల్ని దగ్గరికి తీసుకుని నేలమీదే కూలబడింది.