మద్దమ్మ పెట్టిన మెత్త

మిషనుకు నూనె వేసి, చక్రాన్ని చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ముందుగా పాత గుడ్డముక్క మీద ఒక కుట్టు వేసి చూసుకుంది మద్దమ్మ. పట్టు రవిక మీద నూనె మరక పడితే ముప్పై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది. హోసూరు రాయకోట రోడ్డులో మెట్ల కింద ఆమె కొట్టు. ఒక మిషను, ఒక బల్ల, ఒక నిలువుటద్దం పట్టగా మిగిలిన చోట ఆమె పడుతుంది. పొట్టి మనిషి. కత్తెర పట్టి పట్టి కుడి బొటనవేలు పక్కకు వంగింది. నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు ఉంటాయి కనుక మాటలు తక్కువ. ఎవరి వీపు వంకరో, ఎవరి భుజం దిగిందో అన్నీ తెలుసు, ఒక్కటీ బయటికి పొక్కదు. లోపం కనిపించకుండా కుట్టడంలో తనను మించినవాళ్లు లేరని ఆమెకు కాస్త గర్వం కూడా.

పది గంటలకు శోభన వచ్చింది. బజారులో గాజుల అంగడి ఆమెది, నలభైకి దగ్గరపడింది. శుక్రవారం బేరిగైలో ఆడబిడ్డ కూతురి పెళ్లి. కొత్త రవిక తొడుక్కుని అద్దం ముందు నిలబడింది.

“ఎడమ పక్క మళ్లీ లాగతా ఉండాదక్కా. కుడి పక్క ఇంకో పొర పెట్టెయ్.”

ఎనిమిదేళ్ల కిందట శోభన బెంగళూరు పోయి, ఆపరేషనుతో రొమ్ముల్లో సిలికాను సంచులు పెట్టించుకుంది. ఆ సంగతి భర్తకూ మద్దమ్మకూ తప్ప మూడో మనిషికి తెలియదు. రెండేళ్ల కిందట ఎడమవైపు సంచి పైకి జరిగినప్పుడు, తేడా తెలియకుండా కుడివైపు లోపల మెత్త పెట్టి కుట్టింది మద్దమ్మే. పోయినేడు ఇంకో పొర వేసింది. ఇప్పుడిది మూడోది.

కుట్టు సర్దుతుంటే ఎడమవైపు వేళ్లకు పచ్చి జామకాయలా గట్టిగా తగిలింది. మద్దమ్మ నోట్లోని గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది.

“నొప్పుండాదామ్మా?”

“రెండు నెలలుగా. అప్పుడప్పుడూ వచ్చి స్కాన్ చేయించుకోమని ఆపరేషనప్పుడే డాక్టరు చెప్పినాడు. బాగానే ఉండాను గదా అని పోలేదు.”

“ఈ తూరి నేను మెత్త పెట్టనమ్మా. ముందు పోయి చూపించుకో.”

“పెళ్లయినంక పోతాను.”

“ఇప్పుడే పో.”

శోభన ముఖం ముడుచుకుంది. రవిక విడిచి, తన బట్టలు వేసుకుని వెళ్లిపోయింది. కొలతకు ఇచ్చిన పాత రవిక బల్ల మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నం సద్ది తింటున్నా మద్దమ్మ చూపు ఆ రవిక మీదే. పదిహేడేళ్ల శోభన కెలవరపల్లి నుంచి బస్సులో వచ్చి, ఇదే అద్దం ముందు ఏడ్చింది. ఎద చదునుగా ఉందని తోటి పిల్లలు పలక అని పిలిచేవాళ్లట. అప్పుడు మద్దమ్మ భర్త బైరప్ప ఉన్నాడు. ఆడపిల్లలు వస్తే ప్యాంటు కుడుతున్నవాడల్లా లేచి, రోడ్డువైపు తిరిగి బీడీ వెలిగించేవాడు. పిల్ల ఏడుపు చూడలేక మద్దమ్మ రవిక లోపల రెండు పొరల గుడ్డ పెట్టింది. శోభన పక్కకు తిరిగి అద్దంలో చూసుకుని నవ్వింది. ఆ నవ్వుకు ఆలుమగలు ఇద్దరూ సాయంత్రం దాకా మురిసిపోయారు. ఆ రోజులు ఎంత బాగుండేవి. ఇప్పుడా అద్దం మూల పెచ్చులూడింది, బైరప్ప లేడు.

దీపాలు పెట్టే వేళకు శోభన తిరిగి వచ్చింది. చేతిలో స్కాన్ కవరు ఉంది. స్టూలు మీద కూర్చుంది.

“ఎడమ పక్క సంచి లోపలే పగిలిందంట. ఎప్పుడో తెలీదంట. చుట్టూ కండ గట్టిపడిపోయిందంట. రెండూ తీసెయ్యాలంట. రేపు తెల్లారి బెంగళూరు పోతా ఉండాను.”

“పానానికేం…”

“పానానికి భయం లేదన్నారు. మొదట్లోనే వచ్చింటే ఇంత కోత ఉండేది కాదేమో అన్నారు.” మద్దమ్మ కళ్లలోకి చూసింది. “రెండేళ్లుగా నీకు తెలుసు. యాలక్కా అప్పుడే చూపించుకోమని చెప్పలేదు?”

మద్దమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“తప్పయిపోయిందమ్మా. కనపడకుండా కుట్టేదే నా పని అనుకొంటిని.”

“తేడా అగుపించింటే నేనైనా డాక్టరు దగ్గరికి పోయుందును.”

శోభన ఆ మాట గట్టిగా అనలేదు. కత్తెర అందుకుని, పాత రవికను తిరగేసి, కుడివైపు మెత్తను చుట్టూ కత్తిరించి బయటికి తీసింది. రవికను సంచిలో పెట్టుకుంది.

“తిరిగొచ్చినంక టేపుతో కొలత తీయక్కా. ఎట్లుంటే అట్లే కుట్టు.”

కొట్టు దాటి బస్టాండు వైపు వెళ్లిపోయింది. మద్దమ్మ గడప దాకా వచ్చి, ఆమె జనంలో కలిసేదాకా నిలబడింది. లోపలికి వచ్చి దీపం కింద కూర్చుంది.

అరచేతి వెడల్పు మెత్త బల్ల మీద ఉండిపోయింది. రెండేళ్లు ఉతికినా, పొరలను కలిపిన ఆ సన్నటి కుట్లలో ఒక్కటీ ఊడలేదు.