నూట ఎనభై వోల్టుల లెక్క

నాకు లెక్కలంటే పొగరు. పదో తరగతి తప్పినవాడికి అంత పొగరేమిటని మా ఆవిడ రాజ్యలక్ష్మి ఇప్పటికీ దెప్పుతుంది. మద్రాసులో ఇరవై ఏళ్లు లైట్లు మోసి, సినిమా పరిశ్రమతో పాటు నేనూ మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వచ్చి, జూబ్లీహిల్స్‌లో ఒక స్టూడియోకి ఎలక్ట్రికల్ మేస్త్రినయ్యాను. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్సు, గుణిస్తే పవరు అని ఆ ఫ్లోరు మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం కదా.

ఎనభై తొమ్మిది మే నెల. జమీందారు హాలు సెట్టు. ఒక కేబులు మీద ఆరు దీపాలు, ఒక్కోటి రెండు వేల వాట్లది. కేబులు మోసేది అరవై ఆంపియర్లు. మధ్యాహ్నం అయ్యేసరికి ఊరంతా కూలర్లు వేసుకుంటుంది, మాకు వోల్టేజీ పడిపోతుంది. ఆ రోజు మీటరు ముల్లు నూట ఎనభై దగ్గర కూర్చుంది. వెలుగు పచ్చబడి హీరోయిన్‌కి కామెర్లు వచ్చినట్టుంది. కెమెరామన్ లైటు చాలదని అరుస్తున్నాడు. ఆమె అయిదింటికి వెళ్లిపోవాలని ప్రొడక్షన్ మేనేజరు సూర్యప్రకాశరావు నా చుట్టూ తిరుగుతున్నాడు.

నేను ఒక దీపానికి మీటరు పెట్టి చూశాను. ఏడున్నర ఆంపియర్లు. సిగరెట్ పెట్టె చింపి దాని వెనక రాశాను. నూట ఎనభైని ఏడున్నరతో భాగిస్తే ఇరవై నాలుగు ఓములు. గుణిస్తే పదమూడు వందల యాభై వాట్లు. రెండు వేలివ్వాల్సిన దీపం అంతే ఇస్తోంది. ఆరు దీపాలకి నలభై అయిదు ఆంపియర్లు. అంటే కేబులులో ఇంకా పదిహేను ఖాళీ, సరిగ్గా మరో రెండు దీపాలకి. లెక్క అంత ముచ్చటగా సరిపోయేసరికి నా మీద నాకే ముద్దొచ్చింది.

"మేస్త్రిగారూ, కేబులు జాయింటు పాతదండీ. ఎనిమిది లాగుద్దంటారా?" అన్నాడు బెన్‌హర్. గుంటూరు వైపు నుంచి వచ్చిన లైట్‌మన్, తొమ్మిదేళ్లుగా నా దగ్గరే పని.

"లెక్క చూపించమంటావా?"

"వద్దులెండి. మీరు చెప్పాక ఇంకేంటి."

ఆ రెండు దీపాలూ తగిలించి, ఫ్యూజులో తీగ రెండు పేటలు మెలేసి వెయ్యమన్నాను. ఒక్క పేట ఇళ్లకి. షాటు మధ్యలో ఫ్యూజు పోతే యూనిట్టు మొత్తం మమ్మల్ని పచ్చిగా తినేస్తుంది, కాబట్టి అందరం అలాగే వేసేవాళ్లం. బెన్‌హర్ వేశాడు. నేను బయటికెళ్లి టీ తాగుతున్నాను.

మూడున్నరకి కరెంటు పోయింది. అయిదు నిమిషాలకి వచ్చింది. చుట్టుపక్కల సగం లైన్లకి ఇంకా రాలేదేమో, వచ్చింది రెండు వందల యాభైతో వచ్చింది. వేడికి ఫిలమెంటు ఓములు కొంచెం పెరిగినా, దీపానికి తొమ్మిది చొప్పున డెబ్భై రెండు ఆంపియర్లు, అరవై మోసే కేబులులో. ఒక్క పేట ఫ్యూజయితే అప్పుడే కాలిపోయి కరెంటు ఆపేసేది. మీటరు చూసి లెక్క కట్టానే గాని, మీటరు మారుతుందన్న సంగతి లెక్కలో వెయ్యలేదు. పసిపిల్లాడికి కూడా తట్టే సంగతి!

లోపల కెమెరామన్ మాత్రం, ఇప్పుడు బాగుందని షాటు మొదలుపెట్టించాడు. సెట్టు పరదాల వెనక జాయింటు నుంచి పొగ లేచింది. చూసినవాడు బెన్‌హర్ ఒక్కడే. మెయిన్ స్విచ్చి అవతలి గోడకి ఉంది, వెళ్లాలంటే కెమెరా ముందు నుంచి దాటాలి. షాటు నడుస్తుంటే కెమెరా ముందు నుంచి ఎవడూ దాటడు. అది మాకు మొదటి రోజే నేర్పుతారు, నేనే అతనికి నేర్పాను. పరదా అంటుకునేలోగా రెండు చేతులతో జాయింటు పట్టుకుని లాగేశాడు.

రెండు నెలలకి పుండ్లు మానాయి గాని, వేళ్లు అరచేతుల్లోకి ముడుచుకుపోయాయి. సినిమా తీసే కంపెనీ రిపోర్టులో 'లైట్‌మన్ అజాగ్రత్త' అని రాసుకున్నారు. అది అలాగే ఉండిపోతే, అతనికి స్టోర్సులో కుర్చీ వేసుకుని కూర్చునే పని కూడా ఇక ఎక్కడా దొరకదు.

నేను తెల్లకాగితం మీద లెక్కంతా వరసగా రాసి, కింద 'తప్పు నాది' అని సంతకం పెట్టి, శ్రీనగర్ కాలనీలో వాళ్ల ఆఫీసుకి పట్టుకెళ్లాను. సూర్యప్రకాశరావు రెండుసార్లు చదివాడు.

"సుబ్బరామయ్యగారూ, వోల్టేజీ తక్కువుందని మీరే రాశారు. వోల్టేజీ తగ్గితే ఫ్యాను తిరగదు. అంతేగాని ఏదన్నా కాలుద్దేంటండీ?"

"తర్వాత పెరిగిందండీ. అప్పుడు..."

"పెరిగినప్పుడు మీటరు చూశారా?"

"లేదండీ. టీకి వెళ్లాను. గొడవయ్యాక వచ్చి చూశాను."

"చూడనిదానికి లెక్కేంటండీ! మీరు పెద్దమనిషి. వాడి మీద జాలికొద్దీ ఇలాంటివి నెత్తినేసుకోకండి." కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. నేను అరిచాను. నా జన్మలో అంత అరవలేదు. ఆయన ఫ్యాను కొంచెం పెంచి, మంచినీళ్లు తెప్పించాడు.

అక్కణ్ణించి బోరబండ వెళ్లాను. బెన్‌హర్ గుమ్మంలో కూర్చున్నాడు. భార్య కృపమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. నన్ను చూసి సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు.

"రిపోర్టు మార్చలేదు. కానీ నువ్వు తెలుసుకోవాలి. తప్పు నాదిరా," అన్నాను. కాగితం తీసి మొదట్నుంచీ చదివాను. నూట ఎనభై, ఏడున్నర, ఇరవై నాలుగు, రెండు దీపాలు, రెండు పేటలు. ఒక్క అంకె వదల్లేదు.

అతను మొత్తం విన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

"చూశావా కృపా! మేస్త్రిగారు నా కోసం అంతా తన మీదేసుకున్నారు." ముడుచుకుపోయిన చేతులు రెండూ పైకెత్తి దండం పెట్టబోయాడు. అవి కలవలేదు.

"దండం కాదురా, నన్ను తిట్టు! లెక్క తప్పింది. నా లెక్క తప్పింది."

"ఊరుకోండి మేస్త్రిగారూ," అన్నాడు నన్నే ఓదారుస్తూ. "మీ లెక్క తప్పడవేంటండీ. నేనే సరిగ్గా వేసుండను."

కృపమ్మ చెయ్యి కడుక్కుని లోపలికెళ్లి నాకు టీ పట్టుకొచ్చింది. తాగాను.