గట్టిగా చెప్పండి

పెరట్లో ఎండుమిరపకాయలు రోట్లో పోసి, కరుణ రోకలి ఎత్తింది. "ఎస్ టూట్ హియర్ వే" అంటూ దించింది. ఇక్కడ నొప్పిగా ఉంది అని జర్మన్‌లో. గట్టు మీద పెట్టిన ఫోను ఆమె గొంతు విని, సరిగ్గా పలికితే ఆకుపచ్చగా, తప్పితే ఎర్రగా వెలుగుతుంది. పొద్దుటి నుంచీ ఎరుపే.

నర్సు చదువు చదివి ఆరేళ్ళుగా వంటింట్లో ఉన్న మనిషి. శుక్రవారం మహబూబాబాద్‌లో జర్మన్ మాట్లాడే పరీక్ష గట్టెక్కితే జర్మనీ దవాఖానలో ఉద్యోగం. "వినపడలేదు. తొందరేం లేదు, గట్టిగా చెప్పండి" అంటుంది ఫోను. ఈ ఇంట్లో ఆమెను గట్టిగా మాట్లాడమన్నది అదొక్కటే. మరిపెడకు కాపురానికొచ్చిన వారానికే అత్త చెప్పింది, "ఆడిదాని మాట పొయ్యి దాటొద్దు బిడ్డా" అని. మొగుడు హన్మంత్ ఏదైనా చేత్తోనే చెప్పేవాడు. మొదటిసారి పప్పులో ఉప్పెక్కువైనందుకు. రెండోసారి ఎందుకో అతనికి గుర్తులేదు. ఆమె ఎడమ చెవికి గుర్తుంది.

నిన్న ఫోన్‌లోంచి మగ గొంతు "వో టూట్ ఎస్ వే?" అనగానే హన్మంత్ వచ్చి మీద పడ్డాడు.

"ఎవడే వాడు?"

"పాఠమయ్యా. నొప్పి ఏడ అని డాక్టర్ అడుగుతుండు."

"నీ నొప్పి అడగనీకి వానికేం పని?"

మోచేత్తో కొట్టాడు. కింది పెదవి చిట్లింది. జర్మన్ 'వే' పలకాలంటే ఆ పెదవినే పళ్ళకు ఆనించాలి. అందుకే ఈ ఎరుపు.

"ఇయ్యాల గూడ వానితోనేనా?" వెనక నుంచి వచ్చిన హన్మంత్ ఫోను లాక్కుని రోట్లో పడేశాడు. "దంచు."

"శుక్రారం పరీక్షుందయ్యా..."

జుట్టు పట్టి ముఖాన్ని రోట్లోకి వంచాడు. కారం కళ్ళలోకి, పెదవి పగుల్లోకి ఎక్కింది.

"దంచవే!"

"దంచు బిడ్డా, ఆని కోపం సల్లారుతది" అంది వంటింట్లోంచి అత్త.

కారంలోంచి ఫోను అడిగింది: "వో టూట్ ఎస్ వే?"

ఆరేళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ అడగని మాట. పగిలిన పెదవిని పళ్ళతో అదిమి, "ఎస్ టూట్ హియర్ వే!" అని అరిచింది కరుణ. వాడకట్టంతా వినపడింది. నోట్లోకి రక్తం కారింది. కారం కింద ఆకుపచ్చ వెలుగు.

ఏమన్నదో అర్థంకాక హన్మంత్ చేయి సడలింది. ఆమె లేచి నిలబడింది. తన చేతిలో రోకలి ఇంకా అలాగే ఉందని, అతను వెనక్కి రెండడుగులు వేశాకే ఆమె చూసుకుంది.

ఫోను కొంగుతో తుడుచుకుని నడిచింది. వీధి గడపకు అడ్డంగా మంచం మీద మామ వీరస్వామి. ఆరేళ్ళుగా ఏమీ చూడనట్టున్న ముసలాయన, ఇవాళ కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు. ఆమె రోకలిని ఆయన మంచానికి ఆనించింది.

"ఏడికే?" అన్నాడు హన్మంత్.

"ఠాణకు. ఏడేడ నొస్తుందో గిప్పుడు తెలుగుల చెప్పాలె."